ఒసాకా సందులో "వెళ్ళొస్తా"

దయ్యాల మాట వస్తే మా ఊళ్ళో అందరూ నా వంక చూస్తారు. మా మిరప కల్లం శ్మశానానికి ఆనుకునే ఉంటుంది. కాయలు ఎండబోసిన రోజుల్లో దొంగల భయానికి అక్కడ మంచం వేసుకుని పడుకునేది నేనే. పక్కనే పాడె కట్టెలు, పగిలిన కుండలు. ఒక్కనాడు కూడా నాకేదీ కనపడలేదు, వినపడలేదు. "గాలి సోకింది" అని ఎవరన్నా అంటే "ముందు డాక్టరు దగ్గరికి పొండి" అని తిట్టి పంపేవాణ్ణి. ఇది చదివి "ముసలాడికి భ్రమ" అనుకునే ముందు నేనెలాంటివాణ్ణో మీకు తెలియాలి కాబట్టి ఇదంతా చెబుతున్నా.

మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు పక్కన పల్లె. నా భార్య రాజ్యం. ఆమె చెల్లెలి కూతురు చిట్టి జపాన్‌లో, ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. "ఒక్కసారి వచ్చి చూసి పోండి పెద్దమ్మా" అని ఫోన్ చేసినప్పుడల్లా పోరేది. నిరుడు కాయ అమ్మాక, వేసవి మొదట్లో ఇద్దరం వెళ్ళాం.

ఊరు చూసి నాకు మతిపోయింది. రైలు నిండా జనం, ఒక్కరూ నోరెత్తరు. మన బస్టాండులో ఇద్దరు మాట్లాడుకుంటే అంతకంటే ఎక్కువ గోల. వీధిలో చెత్తడబ్బా ఉండదు. అరటితొక్క జేబులో వేసుకుని ఇంటిదాకా మోసుకొచ్చా. ఒక హోటల్ ముందు అద్దాల వెనక గిన్నెల నిండా నూడుల్సు పెట్టి ఉంటే, ఈగలు మూగవేంటా అని దగ్గరికెళ్ళి చూశా. అన్నీ ప్లాస్టిక్కువి!

ఆ హోటల్లో మనిషికి చెప్పే పనే లేదు. గుమ్మం దగ్గర మిషన్లో డబ్బులేసి బొమ్మ నొక్కితే చీటీ వస్తుంది, చీటీ ఇస్తే గిన్నె వస్తుంది. బల్ల మీద చిన్న సీసాలో కారం ఉంది. "జాగ్రత్త పెదనాన్నా, మంటెక్కుద్ది" అంది చిట్టి. సీసా సగం కుమ్మరించుకున్నా. అదీ ఒక కారమేనా! మా ఇళ్ళల్లో పసిపిల్లలకి అన్నంలో కలిపేది ఇంతకంటే ఘాటుగా ఉంటుంది. వంటాయన మాత్రం గరిటె పట్టుకుని నోరు తెరిచి నన్నే చూస్తూ నిలబడ్డాడు.

రాజ్యానికి చేపల వాసన పడలేదు. ఆమెకి నచ్చింది ఒక్కటే, సందు చివర కొట్లో దొరికే మూడు మూలల అన్నం ముద్ద. మధ్యలో ఊరేసిన పుల్లటి పండు పెట్టి, పైన నల్లటి నాచు రేకు చుట్టి అమ్ముతారు. "మన ఉసిరికాయ పచ్చడికి చెల్లెలండీ ఇది" అని రోజూ అదే తినేది.

నాకు నచ్చింది ఇంకొకటి. పొద్దున గడప దాటేముందు చిట్టి "ఇత్తెకిమాస్" అనేది. ఏంటే అది అనడిగా.

"మనం వెళ్ళొస్తా అంటాంగా పెదనాన్నా, అదే. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇత్తెరష్షాయ్ అనాలి. వెళ్ళిరా అని."

మా చిన్నప్పుడు గడప దాటుతూ "పోతున్నా" అంటే మా అమ్మ చీపురు తిరగేసేది. "వెళ్ళొస్తా అనరా వెధవా" అని కేకలేసేది. అంత దూరదేశంలో కూడా అదే పద్ధతంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక కనపడ్డ ప్రతివాళ్ళకీ "ఇత్తెకిమాస్" చెప్పడం మొదలుపెట్టా. కొట్లో పిల్లకి, సైకిళ్ళు బాగుచేసే ఆయనకి, నూడుల్సాయనకి. వాళ్ళు వంగి దణ్ణం పెట్టి నవ్వేవాళ్ళు. "బయటివాళ్ళకి అలా చెప్పరు పెదనాన్నా, ఇంట్లోవాళ్ళకే" అని చిట్టి తల కొట్టుకునేది. నేను వింటేగా!

ఆ రోజు చిట్టి ఆఫీసుకెళ్ళింది. మధ్యాహ్నం రాజ్యం ఎప్పట్లాగే ఇన్సులిన్ సూది పొడుచుకుని కంచం ముందు కూర్చుంది. కుక్కర్ మూత తీస్తే నీళ్ళల్లో బియ్యం బియ్యంగానే ఉన్నాయి. మీటల మీద అన్నీ వాళ్ళ అక్షరాలే. చిట్టి చూపించిన మీట బదులు నేనింకేదో నొక్కినట్టున్నా. సూది పడ్డాక తిండి ఆలస్యమైతే రాజ్యానికి షుగర్ పడిపోతుంది. అది చెప్పి రాదు. ఒకసారి మా ఇంట్లోనే అలా పడిపోతే, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. చిట్టి పంచదార వాడదు. ఇంట్లో బిస్కెట్లు కూడా అయిపోయాయి.

"కంగారేం లేదు. గబుక్కున వెళ్ళి ఆ ముద్దలు పట్రండి" అంది రాజ్యం. వెళ్ళొస్తా అని పరుగున బయటపడ్డా.

సందు మధ్యలో ఒక పాత చెక్క ఇల్లుంది. ఎప్పుడూ మూసుండే జరుపుడు తలుపు ఆ రోజు తెరిచి ఉంది. ముందు తెలుపు నలుపు చారల గుడ్డ కట్టారు. గడప పక్కన చిన్న పళ్ళెంలో ఉప్పు కుప్ప పోశారు. ఏదో పండగనుకున్నా. లోపల చీకటిగా ఉంది, ఎవరూ కనపడలేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా? "ఇత్తెకిమాస్!" అని లోపలికి కేకేశా.

"ఇత్తెరష్షాయ్" అని సన్నటి ఆడగొంతు జవాబిచ్చింది. నాకు భలే సంతోషమేసింది. ఇన్నాళ్ళూ అందరూ నవ్వారే గానీ, తిరిగి జవాబు చెప్పింది ఆవిడొక్కతే.

కొట్లో రెండు ముద్దలూ ఒక తియ్యటి డ్రింకూ తీసుకుని వెనక్కి తిరిగా. చారల గుడ్డ ఇల్లు దాటి నాలుగు గుమ్మాలు నడిస్తే చిట్టి వాళ్ళ మేడ. ఇల్లు దాటా, గుమ్మాలు దాటా. ఎదురుగా మళ్ళీ చారల గుడ్డ.

పరధ్యానంలో సందు మారానేమో అనుకుని ఈసారి గోడ పట్టుకున్నట్టు నడిచా. మళ్ళీ అదే గుడ్డ, అదే ఉప్పు. వెనక్కి కొట్టు వైపు నడిచా. కొట్టు రాలేదు, ఆ ఇల్లే వచ్చింది. నా ఫోన్‌కి అక్కడ సిగ్నల్ లేదు, చిట్టి వాళ్ళింటి వైఫై అందితేనే పనిచేస్తుంది.

కోటు వేసుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. చిట్టి రాసిచ్చిన అడ్రసు చూపించా. పాపం ఆయన చెయ్యంతా చాపి దారి చూపించడమే కాదు, నాతో మలుపు దాకా వచ్చి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆయన చూపించిన మలుపు తిరిగా. చారల గుడ్డ.

చేతిలో తిండి ఉంది. అవతల సూది వేసుకున్న మనిషి ఉంది. మధ్యలో పట్టుమని పాతిక అడుగులు లేవు. "ఓరి భగవంతుడా, నన్ను వదులు" అని నడివీధిలో ఏడ్చా. ఆ ఇంటి గుమ్మం దగ్గరికెళ్ళి సాయమడుగుదామంటే నాకు వాళ్ళ భాషలో వచ్చింది ఆ ఒక్క మాటే. "ఇత్తెకిమాస్, ఇత్తెకిమాస్ తల్లీ" అని బతిమాలా. "ఇత్తెరష్షాయ్" అంది లోపలి గొంతు నిదానంగా. మళ్ళీ తిరిగా, మళ్ళీ అక్కడికే వచ్చా. మళ్ళీ అడిగా. మళ్ళీ అదే జవాబు. తిరిగిన కొద్దీ ఆ గొంతు నీరసపడుతోంది.

చివరికి గడప మీద చెయ్యి వేసి లోపలికి తొంగి చూశా. అగరొత్తి పొగ. ఒక ఫోటో. దాని ముందు గిన్నెడు అన్నం, అన్నంలో నిలువునా గుచ్చిన, వాళ్ళు తినే పుల్లలు రెండు. భాష రాకపోయినా అన్నం అలా ఎవరికి పెడతారో తెలియదా? చావిల్లు!

మా వైపు చావింటికి పలకరింపుకి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. మాట్లాడకుండా లేచి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేను అన్నిసార్లు గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తా, వెళ్ళొస్తా అని అరిచా.

నోరు మూసుకుని చేతులు జోడించా. వెనక్కి తిరిగి నడిచా. రెండడుగులు వేశానో లేదో, నేనేమీ అనకుండానే ఆ గొంతు వెనక నుంచి పలికింది. ఈసారి ఇత్తెరష్షాయ్ కాదు, ఇంకేదో. ఏదో అడిగినట్టుంది. నాకు అర్థం కాలేదు. పళ్ళతో నాలుక కొరుక్కుని తల తిప్పకుండా నడిచా. నాలుగు గుమ్మాల తర్వాత చిట్టి వాళ్ళ మేడ వచ్చింది.

రాజ్యం నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమట, కళ్ళు సగం మూతలు పడ్డాయి. తల ఒళ్ళో పెట్టుకుని ఆ తియ్యటి డ్రింకు చెంచాతో కొద్దికొద్దిగా పోశా. మింగింది. కాసేపటికి నన్ను గుర్తుపట్టింది. నేను గట్టిగా ఏడ్చేశా.

సాయంత్రం చిట్టి వెళ్ళి కనుక్కుని వచ్చింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ పోయిందట. పొద్దున్నే తీసుకెళ్ళారట. తర్వాత తలుపుకి తాళం వేసే ఉందన్నారు పక్కింటివాళ్ళు. నేను చూసిన గుడ్డ కూడా అప్పటికి లేదు. నీకు కంగారులో అలా అనిపించింది పెదనాన్నా అంది. నేనూ సరే అనుకునేవాణ్ణే.

కానీ మర్నాడు ముద్ద తింటూ రాజ్యం నా మీద విసుక్కుంది.

"నిన్న నాకు కళ్ళు తిరుగుతుంటే ఏంటండీ మీ గోల? వెళ్ళరు, గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తా వెళ్ళొస్తా అంటారు. ఎన్నిసార్లని చెప్పను వెళ్ళిరండి అని? ఓపిక లేక చస్తుంటే! ఆఖర్న ఉలుకూ పలుకూ లేకుండా పోతుంటే, చెప్పకుండా వెళ్తున్నారేంటని అడిగా. దానికీ మాట్లాడరు."

చిట్టి ఉండేది ఆ మేడలో అయిదో అంతస్తు. నా కేక అక్కడికి వినపడదు. ఆమె మాట సందులోకి రాదు. నేను ఎన్ని విధాల లెక్క వేసుకున్నా ఇది తేలలేదు. ఆ గుమ్మంలో జవాబు చెప్పింది ఎవరో, నేను ఆఖర్న మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. రాజ్యానికి ఆ ఇంటి సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

ఊరికి వచ్చాక గడప దాటేటప్పుడు నా నోరు పెగలడం లేదు. మౌనంగా చెప్పులు వేసుకుంటా. లోపల్నించి రాజ్యం అడుగుతుంది, "చెప్పకుండా వెళ్తున్నారేంటి?" అని. రోజూ అడుగుతుంది. నేను తల తిప్పకుండా వెళ్ళిపోతా.