మైకులో తమ్ముడి పేరు

మా తమ్ముడి పుట్టినరోజు మే నెలలో. వాడు చెన్నైలో జ్వరమొచ్చి పోయి ఏళ్ళయింది. అయినా మా అమ్మ ఆ నెల వస్తే చాలు, ఉదయగిరి చర్చిలో వాడి బదులు లేచి నిలబడతాది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం, ఆ నెలలో పుట్టినోళ్ళను ముందుకు పిలుస్తారు. కానుక వేస్తే పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి పేరూ మైకులో చెప్పి ప్రార్థన చేస్తారు. తమ్ముడు బతికున్నప్పుడు వాడికి లీవు దొరక్కపోతే అమ్మే పోయి వాడి కానుక వేసేది. పనులకని ఊరు వదిలిపోయిన పిల్లల తల్లులందరూ చేసే పనే అది. వాడు పోయినాక కూడా అమ్మ మానలేదు. పాత అయ్యగారికి సంగతి తెలుసు కాబట్టి, వాడి పేరెత్తకుండా, ఈ తల్లిని ఆదరించు ప్రభువా అని ముగించేవారు.

నాకది నచ్చేది కాదు. ఆత్మకూరులో కాపురం నాది, అక్కడే టీచర్ని, నోరు కొంచెం ఎక్కువే. పోయినోళ్ళను తలుచుకోవాలంటే పోయిన రోజున ప్రార్థన కూటం పెట్టుకుంటాం గదా, ఈ పుట్టినరోజేందిమా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని ఫోన్లో ఎన్నిసార్లు పోట్లాడినానో. అంతా విని, సరేలే, అన్నం తిన్నావా అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు.

పోయిన ఏడు కొత్త అయ్యగారు వచ్చినారు. కుర్రాయన, ఊరికి కొత్త. ఆయనకు ఎవరూ చెప్పి ఉండరని నాకు ఒకటే గుబులు. తెలీక పదిమందిలో ఏదో ఒకటి అనేస్తే అమ్మ తట్టుకోలేదు. ఆరాధనకు ముందే ఆయన చెవిన ఒక మాట వేద్దామని పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కినాను. ఆ బస్సు దారిలో పంచరై సావగొట్టింది. నేను చెప్పులు విడిచి చర్చిలోకి పొయ్యేసరికి అమ్మ అప్పటికే ముందరికి పోయి, కొత్త గౌన్లేసుకున్న పిల్లల పక్కన నిలబడి ఉండాది.

అయ్యగారు మైకు దించి, ఎవరి కోసమమ్మా అని అడిగినారు. కొడుకు కోసమని పేరు చెప్పింది. దూరంగా ఉన్నాడా, పెళ్ళి కాలేదా అంటే రెండిటికీ తలూపింది. ఆయన కళ్ళు మూసుకుని, మా తమ్ముడి పేరు చర్చంతా మోగేటట్టు పలికి, ఈ బిడ్డకు దీర్ఘాయుష్షు ఇమ్మనీ, ఈ ఏడన్నా మంచి సంబంధం కుదర్చమనీ ప్రార్థన చేసినారు.

అందరూ అనాల్సిన ఆమేన్ ఒక్కరి నోటా రాలేదు. అమ్మ ఒక్కతే గట్టిగా అనింది.

ఆరాధన అయినాక ఆయనకు ఎవరో చెప్పినట్టుండారు. మిట్టమధ్యాన్నం ఎండలో పడి మా ఇంటికొచ్చినారు. మొహం నల్లబడిపోయి ఉండాది పాపం. తెలీక తప్పు చేసినానమ్మా, క్షమించండి అని గుమ్మంలోనే చేతులు జోడించినారు. తెలుసుకుని మాట్లాడొద్దా అని నాలుగు అంటించాలని నేను నోరు తెరిచేలోపే, అమ్మ ఆయన్ని కూర్చోబెట్టి అన్నం వడ్డించింది. ఎండురొయ్యలూ వంకాయ కూర, మా వాడికి ప్రాణం అది.

"తప్పేముందయ్యా. వాడు పోయినకాడి నుంచి అందరూ నాకోసమే ప్రార్థన చేస్తా ఉండారు. పేరెత్తితే నేను ఏడుస్తానని చర్చిలో ఎత్తరు, ఇంట్లోనూ ఎత్తరు. నేను పెట్టుకున్న పేరయ్యా అది. ఈ పొద్దు మళ్ళీ చెవులారా విన్నాను."

నాకు ఏడుపొచ్చేసింది.

అయ్యగారు కలిపిన ముద్ద అట్లనే పట్టుకుని, వచ్చే ఏడు ఏమని ప్రార్థన చేయమంటారమ్మా అని అడిగినారు.

"అడిగేదానికి ఇంకేముందయ్యా. పేరు చెప్పి, వాడు పుట్టినందుకు స్తోత్రం చెప్పండి."