దొరసాని పెట్రోలు ముల్లు

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా బెజవాడలో ఒక ఇంటికి కారుందంటే వీధి మొత్తానికీ ఉన్నట్టే. భవానీపురంలో మా మేనత్త కారు అలాంటిది. అత్తయ్య మిషను ఆసుపత్రిలో నర్సు. పురుళ్ళు పోయడంలో చేయి తిరిగిన మనిషి. ఆవిడ చేత ఏళ్ళ తరబడి పని చేయించుకున్న తెల్ల డాక్టరమ్మ సొంత దేశానికి వెళ్ళిపోతూ, పల్లెలకి తిరగడానికి పనికొస్తుందని తన పాత కారు ఇచ్చిపోయింది. అందుకే వీధంతా ఆ కారుని ‘దొరసాని’ అని పిలిచేది. నేను అప్పుడు అత్తయ్య ఇంట్లో ఉండి బీయస్సీ ఫిజిక్సు చదువుతున్నాను (సిలబస్‌లో లేనిది సృష్టిలోనే లేదనుకునే వయసు).

ఆ ఏడు వానలు వెనకబట్టాక దొరసానికి కొత్త రంగు వేయించారు. పెట్రోలు ట్యాంకుని కూడా దించి, నల్లరంగు పూసి, కింద కొత్త రబ్బరు ముక్కలు పెట్టి బిగించారు. అప్పట్నుంచీ పెట్రోలు ముల్లు ‘ఫుల్లు’ మీద కూర్చుని లేవనంది. అత్తయ్య ట్యాంకులో వెదురుపుల్ల ముంచి చూసుకునేది. ఒకనాడు తొందరలో అది మర్చిపోయింది. ఉయ్యూరు దారిలో ముల్లు ఫుల్లు చూపిస్తూండగానే కారు ఆగిపోయింది. పాపం, ఎడ్లబండి ఎక్కి వెళ్ళి పురుడు పోసి, ఇంటికి వచ్చాక చెప్పులైనా విప్పకుండా, “ఇవాళ తల్లీబిడ్డా దక్కారు, దేవుడికి స్తోత్రం. ప్రతిసారీ దక్కుతారా? దీన్ని అమ్మేస్తున్నా. కొంటానన్న గుడివాడ ఆయన్ని ఎల్లుండి రమ్మన్నాను” అంది.

నాకు గుండెల్లో రాయి పడింది. ఆ కారు మీదే నేను డ్రైవింగు నేర్చుకుంటున్నాను మరి. “ఒక్కరోజు ఆగు అత్తయ్యా, నేను బాగుచేస్తా” అన్నాను.

“నువ్వా? ఇస్త్రీపెట్టె బాగుచేస్తానని వీధంతా చీకటి చేసింది నువ్వే కదే?”

“అది వేరు, ఇది వేరు.” (ఎలా వేరో నాకూ తెలియదు. గొంతు మాత్రం గట్టిగానే పలికింది.)

మర్నాడు పొద్దున్నే జడ ముడేసుకుని రంగంలోకి దిగాను. పెట్రోలు దగ్గర కరెంటు పని అనేసరికి అత్తయ్య వంటింట్లో పొయ్యి ఆర్పేసింది. ఎదురింటి బాబాయి చుట్ట పారేసి, పెళ్ళాం పిల్లల్ని పెరట్లోకి తోలి, తాను మాత్రం ప్రహరీ వెనక నుంచి తల ఎత్తి, “అమ్మాయ్, మీ నాన్నకి చెప్పే చేస్తున్నావా?” అని అరిచాడు. అత్తయ్య నా చేతులకి సబ్బు రుద్ది కడిగించింది. ఆవిడకి ఏ పనైనా ఆపరేషనే. “రోగం ఏంటో తేలకుండా కొయ్యకు” అని హెచ్చరించింది కూడా.

నేను ఏమీ కొయ్యలేదు. అత్తయ్యని కార్లో కూర్చుని తాళం తిప్పి ఉంచమని, ట్యాంకు మీదున్న తీగ ఊడదీసి కారు ఒంటికి తాకించాను. “పడిపోయిందే! ముల్లు కిందికి పడిపోయింది!” అని లోపల్నుంచి అత్తయ్య కేక. అంటే ముల్లు బతికే ఉంది, తీగా బాగుంది. ట్యాంకులోంచి కరెంటు కారు ఒంట్లోకి వెళ్ళే దారే మూసుకుపోయింది. ఒకపక్క రంగు, ఒకపక్క రబ్బరు, ఇంక ఎలా వెళ్తుంది? కారు కిందికి దూరి, ట్యాంకు అంచున కాస్త రంగు గీకి, అక్కణ్ణుంచి కారు చట్రానికి ఒక తీగముక్క బిగించి, ఊడదీసిన తీగ మళ్ళీ తగిలించాను. ముల్లు ఇప్పుడు అడుగుకి కాస్త పైన నిలబడింది.

“చచ్చిందా?” అంది అత్తయ్య.

“లేదు. నిజం చెబుతోంది. పెట్రోలు లేదు.”

“నిన్ననేగా ఉయ్యూరు దారిలో డబ్బాతో తెప్పించి పోయించాను! నువ్వే ఏదో చేశావు.”

వాదన ముదిరేలోగా సైకిలు మీద మనిషి వచ్చాడు. కంకిపాడు అవతల కాలవ గట్టు మీది ఊళ్ళో తొలిచూలు పిల్లకి రాత్రి నుంచీ నొప్పులట. అత్తయ్య సంచీ కార్లోకి విసిరి స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన నేను. బందరు రోడ్డెక్కాక బంకు కనిపించింది. ఆపమన్నాను.

“అక్కడ పిల్ల అల్లాడుతోందే!”

“దారిలో ఆగిపోతే ఇంకా అల్లాడుతుంది. ఆపు అత్తయ్యా.”

ఆవిడ నా మొహంలోకి చూసి, “నీ మాట తప్పయితే ఆ పిల్లకి నువ్వే జవాబు చెప్పుకో” అని బంకులోకి తిప్పింది. పుల్ల ముంచితే కొస మాత్రం తడిసింది. అత్తయ్య మొహం పాలిపోయింది. “ఆ డబ్బాడూ ఇల్లు చేరడానికే సరిపోయిన సంగతే మర్చిపోయాను” అని గొణిగింది. పెట్రోలు పడుతూంటే ముల్లు పైకి లేచింది. నా తల కూడా.

కాలవ గట్టు ఎక్కాక అసలు తమాషా మొదలైంది. ఆ దారి అన్నీ వంపులే. ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ పొర్లుతూంటే ముల్లు కూడా ఊగింది. ఒక మలుపులో సగానికి దిగేది, ఇంకో మలుపులో నిండుకుండ అయ్యేది. “అయిపోతోందే! మళ్ళీ వచ్చిందే!” అంటూ అత్తయ్య మలుపు మలుపుకీ బ్రేకు వేసింది. “రోడ్డు చూడు అత్తయ్యా, ముల్లు నేను చూస్తా” అని సర్దిచెబుతూ, ఆవిణ్ణి కాలవలో పడకుండా ఊరు చేర్చాను.

అక్కడ నీళ్ళు కాచే పని నాకు పడింది. అంతసేపూ అంత ధీమాగా ఉన్నదాన్ని, లోపల్నుంచి ఆ పిల్ల పెట్టిన కేక వినగానే అరుగు మీద కూలబడ్డాను. ఆ ఇంటి ముసలమ్మ నాకు మజ్జిగ తాగించి, “నీకెన్నో నెల తల్లీ?” అంది. అంతలో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లి క్షేమం. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, “మెకానిక్కు గారికి కూడా మంచం వేయండమ్మా” అంది.

గుడివాడ ఆయన వస్తే అత్తయ్య కాఫీ ఇచ్చి, కారు ఒంట్లో కులాసాగా ఉందని చెప్పి పంపేసింది.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. దాన్లో ఏదైనా పసుపు దీపం వెలిగితే అదేమిటో చూడనైనా చూడను. పక్కకి ఆపి మా అబ్బాయికి ఫోను చేస్తాను. వాడు వచ్చేదాకా నీడపట్టున నిలబడి ఉంటే, జడ ముడేసుకుని కారు కిందికి దూరిన ఆ పిల్ల కళ్ళలో మెదులుతుంది. దానికి తెలిసింది నాకంటే చాలా తక్కువ. అయినా ఒక్కసారి అడగాలనిపిస్తుంది, “ఏమమ్మాయ్, కాస్త ఇది కూడా చూసిపెడతావా?” అని.