పాత మానిటర్‌కు నేను చేసిన వైద్యం

ఒక బొమ్మ శుభ్రంగా కనపడాలన్న కోరికతో పది రోజుల్లో ఇంటిల్లిపాదినీ శత్రువులుగా మార్చుకున్న కథ ఇది. ప్రాణనష్టం లేదు. పోయింది నా పరువొక్కటే. అదైనా ఊరికే పోలేదు, కరీంనగర్ నుంచి మెట్‌పల్లి దాకా బస్సెక్కి మరీ పోయింది. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను హుజూరాబాద్‌లో ఒకచోట కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. నాకు తెలియని కంప్యూటర్ ఇంకా పుట్టలేదని నమ్మే వయసు. మా అక్క భర్త శ్రీనివాస్ బావ మస్కట్ నుంచి సెలవు మీద కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు మెట్‌పల్లిలో బడి ఎగ్గొట్టి, వీడియో గేమ్ పార్లర్‌లో ఆడిన విమానాల ఆట గురించి వచ్చిన ప్రతిసారీ చెబుతాడు. ఎడారిలో ఎండకు మాడుతున్నప్పుడు కూడా అదే గుర్తొస్తుందట. ఆ పార్లర్ ఎప్పుడో మూతపడింది. దాని గేమ్ పెట్టె ఒకటి పాత ఓనరు గోదాములో పడి ఉందని తెలిసి, నేను ట్రాలీ ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చాను. బీరువాంత పెట్టె, అందులో బండరాయంత బరువున్న గాజు మానిటర్. లోపలి ఆట పాడైపోయింది కానీ, పాత ఆటలను నడిపించే సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో ఉండనే ఉంది.

"బావా, నువ్వు పోయేలోపట గా తెర మీద గా ఆటనే ఆడిపిస్త," అని అందరి ముందూ మాటిచ్చాను. అక్కడితో నోరు మూసుకున్నా సరిపోయేది. "అప్పటి కంటె మంచిగ కనవడ్తది," అని కూడా అన్నాను.

మొదట ల్యాప్‌టాప్‌ను ఆ మానిటర్‌కు తగిలించగానే ఒకే విమానం మూడు ముక్కలై, తడిబట్టలు ఆరేసినట్టు పక్కపక్కనే వేలాడింది. దీని కారణం నాకు తెలుసు. ఇప్పటి కంప్యూటర్ బొమ్మను పంపే వేగం ఆ ముసలి మానిటర్ అందుకోలేదు. నడుమ ఒక కన్వర్టర్ డబ్బా పెట్టాను. బొమ్మ కుదురుగా నిలబడింది. నేను ఇంట్లో ఛాతీ విరుచుకుని తిరిగాను, సుమారు పది నిమిషాలు.

తర్వాత దగ్గరికి వెళ్లి చూస్తే తెర నిండా అడ్డంగా నల్లటి గీతలు. వాటి మీద అలలు అలలుగా ఇంకేవో నీడలు. అక్షరాలు మసక. మూలలు అప్పడం వేయించినట్టు వంకర.

కరెంటులో దోషమని తేల్చాను. ముందుగా మిక్సీ మీద నిషేధం పెట్టాను. మా ఆవిడ సుజాత రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు వచ్చి, "మిక్సీ బంద్ జేస్తిరి, పచ్చడి మీ కంప్యూటర్ల రుబ్బాల్నా?" అని అడిగింది. జవాబుగా ఫ్రిజ్ తీయించాను. ఫ్యాన్లు ఆపించాను. అది మే నెల. పక్కింటివాళ్లను బోరు మోటారు వేయొద్దని బతిమాలితే, వాళ్లు నన్ను జాలిగా చూసి మోటారు వేసుకున్నారు.

కరెంటు కాదు, అయస్కాంతమని ఆ తర్వాత తేల్చాను. పాత గాజు తెరలకు అయస్కాంతం పడదన్నది నిజమే. స్పీకరులో అయస్కాంతం ఉంటుందని మా అవ్వ రేడియోను వాకిట్లోకి పంపాను. అవ్వ కూడా దాని వెంటే వాకిట్లోకి వెళ్లి, వచ్చేపోయే వాళ్లకు నా సంగతి చెప్పడం మొదలుపెట్టింది. భూమికీ అయస్కాంతశక్తి ఉంది కదా అని పెట్టెను నాలుగు దిక్కులకూ తిప్పించాను. తిప్పింది నేనూ బావా. సెలవులో విశ్రాంతి కోసం వచ్చిన మనిషి నడుం పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి మెట్‌పల్లి నుంచి రాజేశం కాకను పిలిపించాను. ఆ పార్లర్ మిషన్లన్నీ బాగుచేసింది ఆయనే. వెనక మూత తీసి, చూసి, "దీనికేం రోగం లేదు బిడ్డా," అని మూత పెట్టేసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ముసలాయనకు చూపు తగ్గిందనుకున్నాను. ఆయన బస్సెక్కాడో లేదో, ఆ మూత నేనే తీసి వెనకున్న స్క్రూలన్నీ తలా కాస్త తిప్పాను. విమానాలు చపాతీలయ్యాయి. ఎంత తిప్పినా మళ్లీ విమానాలు కాలేదు. మర్నాడే బావ ప్రయాణం.

సిగ్గు విడిచి మళ్లీ ఫోన్ చేశాను. పొద్దున మొదటి బస్సుకే వచ్చిన రాజేశం కాక నన్ను ఒక్క మాటా అనకుండా స్క్రూలన్నీ సర్ది, విమానాల ఆకారం విమానాలకు తెచ్చాడు. గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పటికే బావను విమానాశ్రయానికి తీసుకెళ్లే కారు వాకిట్లో ఆగింది.

కాక గీతల వంక కాసేపు చూసి, "నీ కంప్యూటర్‌ను దీనికెల్లి పీకి, ఉత్తగ దాని తెర మీద జూపెట్టు," అన్నాడు.

పది రోజుల్లో నేను చేయని పని అదొక్కటే. మానిటర్‌కు తగిలించగానే ల్యాప్‌టాప్ తెర ఆరిపోయేలా పెట్టుకున్నాను మరి. వైరు పీకాను. ల్యాప్‌టాప్ తెర వెలిగింది. అవే గీతలు, అదే మసక, అవే వంకర మూలలు.

సెట్టింగులు తెరిచాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంటుంది. ఇప్పటి తెరల మీద బొమ్మ మరీ నున్నగా ఉంటుందని, పాత గాజు తెరలా కనపడేందుకు గీతలూ మసకా వంకరా కృత్రిమంగా కలుపుతుంది. రెండు నెలల కింద, ల్యాప్‌టాప్‌లో పాతకాలపు అందం కోసం దాన్ని ముచ్చటపడి పెట్టుకున్నది నేనే. పెట్టి మరిచిపోయిందీ నేనే.

దాన్ని తీసేసి మళ్లీ తగిలించాను. బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. ప్రయాణపు బట్టల్లోనే బావ నిలబడి కాసేపు ఆడాడు. రెండు సార్లు కారు హారన్ కొట్టినా కదల్లేదు. మూడో విమానం కూలాక ఇటు తిరిగి, "అంటే గిన్ని దినాలు పాత మిషిన్‌కు పాత మిషిన్ ఏషం ఏసినవా?" అన్నాడు. రాజేశం కాక నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

కాబట్టి పాఠకులారా, ఇంటిల్లిపాదీ సాక్షిగా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ యంత్రం మీదైనా అనుమానం వస్తే, మొదటి ముద్దాయిగా నన్నే నిలబెట్టి విచారిస్తాను. నేను నిర్దోషినని తేలిన రోజు మాత్రమే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాను. ఇంతవరకూ ఆ రోజు రాలేదు.