బోణీ కాని మరచెంబు

ఫోను తెర మీద రెండు గళ్లు ఉన్నాయి. ఒకదానిలో 'వ్యక్తిగత ఖాతా', రెండోదానిలో 'వ్యాపార ఖాతా'. మా ఆవిడ వాళ్లన్నయ్య పక్క కుర్చీలోంచి ముందుకు వంగి "రెండోది నొక్కే, రెండోది" అంటూనే ఉన్నాడు. మా ఆవిడ మొదటిది నొక్కింది. నొక్కి, ఫోను ఆయన చేతికిచ్చింది.

"ఏటే ఇది? నానేటి సెప్పేను, నువ్వేటి సేసినావు?"

"నువ్వు సెప్పింది విన్నాను. నాకు నచ్చింది సేసినాను. టీ తాగుతావా?"

చెల్లెలికి సాయం చేద్దామని నరసన్నపేట నుంచి విజయనగరం దాకా బస్సులో వచ్చిన మనిషి ఆ పూట టీ తాగలేదు.

పాత వస్తువులను వేలానికి పెట్టే ఆన్‌లైన్ సైటు అది. అక్కడ అమ్మాలనుకునేవాళ్లు చేరేటప్పుడే తామెవరో చెప్పాలి. సొంత వస్తువులు అమ్ముకునేవాళ్లు ఒక గడిలోకి, అమ్మడం కోసమే సరుకు తెచ్చిపెట్టుకున్నవాళ్లు రెండో గడిలోకి. వివరణ అంతా రెండు వాక్యాల్లో తేల్చేశారు. పత్రికాఫీసులో ఇతరుల వాక్యాలు కుదించడమే ఉద్యోగంగా బతికిన నాకు అవి ముచ్చటగానే కనిపించాయి. కానీ మా ఇంట్లో తగువంతా ఆ రెండు వాక్యాల మధ్యే పుట్టింది.

మా మామగారిది గిన్నెల కొట్టు. స్టీలు వాడకం పెరిగిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంట్లోని ఇత్తడి, కంచు తెచ్చి తూకానికి వేసి, స్టీలు గిన్నెలు పట్టుకెళ్లేవారు. ఆ పాత సామాను గోనెసంచుల్లో కరగబెట్టడానికి పోయేది. బడి నుంచి వచ్చిన మా ఆవిడ సంచులు కెలికి, మనసుపడ్డవాటిని తీసి అటక మీద దాచుకునేది. పోపుల డబ్బాలు, తమలపాకుల పెట్టెలు, రైలు ప్రయాణాల్లో నీళ్లు తీసుకెళ్లే మరచెంబులు. తండ్రి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. పెళ్లయ్యాక అవన్నీ ఆమె వెంట మా ఇంటికొచ్చాయి. ఇప్పుడు వాటిలో కొన్నింటిని, విలువ తెలిసినవాళ్లకి అమ్మాలనుకుంది.

"కొట్లోకొచ్చిన సరుకది" అన్నాడు బావ. "కొట్టు పేరు మీద అమ్మడమే నాయం. బోర్డు మీద నాన్న పేరున్నాది. ఆ పేరుకి ఇలువున్నాది. డబ్బు నాకొద్దు, అంతా నువ్వే తీసుకో."

"నాన్న కరగబెట్టెయ్యమన్నదేగా ఇది. నాను తియ్యకపోతే ఈ పాటికి ఏ గంటో అయిపోయుండేది. సరుకెలాగవుతాది? ఇది నాది."

బావకి అత్యాశ లేదు. తండ్రి బోర్డు మీద ప్రేమ, అంతే. ఆ ఇంటి ఆడవాళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు, సరుకు ఎంచారు, మొండి బేరాలు తెగ్గొట్టారు. బోర్డు మీదికి మాత్రం ఎవరి పేరూ ఎక్కలేదు. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. పత్రికలో చేరిన కొత్తలో నా వార్తలు కూడా నా పేరు లేకుండా ఊరి పేరుతోనే అచ్చయ్యేవి. అందుకని ఈ తగువులో నేనెవరి పక్షమో ఎవరూ నన్ను అడగక్కర్లేదు.

బావ అలిగి వెళ్లినా ఆయన భార్య, మా ఆవిడ వదిన, అలగలేదు. నరసన్నపేట బజారులో ఎవరు కొత్త కొట్టు తెరిచినా మొదటి బేరం ఆవిడ చేత చేయిస్తారు. ఆవిడ చెయ్యి మంచిదని నమ్మకం. మొదటి మరచెంబును వేలానికి పెట్టిన రోజున వదిన మా ఇంట్లో దిగింది. "మీ అన్నియ్య సెప్పిన పేరెట్టకపోతే మానెయ్. బోణీ మాత్రం నాదేనే" అని, మా సోఫాలోనే కూర్చుని, మా వైఫై మీదే తన ఫోనులో ఖాతా తెరిచి వేలం పాట పాడింది. కాసేపటికి ఎక్కడి నుంచో ఎవరో పైపాట పాడారు.

"ఓలమ్మా, ఇంకోడొచ్చేడు! బోణీ బేరం వొదుల్తానేటి?"

వాళ్లు పెంచారు, ఈవిడా పెంచింది. వదినామరదళ్లు చిన్నపిల్లల్లా నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి చెంబు వదినదైంది.

మర్నాడు సైటువాళ్లు మా ఆవిడ ఖాతా ఆపేశారు, రెండు ఫోన్లూ ఒకే ఇంటి వైఫై మీదున్నాయని. అమ్మేవాళ్లు తమ మనుషుల చేత పాట పెంచించడం అక్కడ మోసం కిందికి వస్తుంది. నియమం సరైనదే. అవతల పాడిన ఆ మనిషి ఎవరైనా, అతనికి అన్యాయం జరగకూడదు. బజారులో అయితే బోణీ చేసే మనిషి ఎవరో అందరికీ తెలుసు. ఇక్కడ తెలియదు. ఆ తేడా మాలో ఎవరికీ స్ఫురించలేదు.

జరిగినదానికి కారణం ఎంచుకోమన్నారు. 'నాకు తెలియకుండా జరిగింది' అన్నది మొదటిది. అన్నిటికంటే కింద 'ఇతరం'.

"మొదటిది నొక్కెయ్, గొడవొదిలిపోతాది" అన్నాడు బావ ఫోనులో. "లేదంటే అది వొగ్గేసి కొట్టు పేరున వ్యాపార ఖాతా తెరు."

"నా ఎదరే జరిగింది. వదిన మీదికి తోసేసి నాను మంచిదాన్నయిపోతానేటి?"

"ఎవులు సూడొచ్చేరే? అది మిషను."

"మిషనైతే అబద్ధం సెప్పేస్తావేటి?"

వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. "నా పేరు రాసెయ్యే! ఉరేస్తారేటి నన్ను?"

మా ఆవిడ 'ఇతరం' నొక్కి రాసింది. ఆవిడ మా వదిన అని, కొత్త వ్యాపారానికి అయినవాళ్ల చేత బోణీ చేయించడం మా దగ్గర ఆనవాయితీ అని, నియమం తెలియదని, ఇక జరగదని. ఆ పాట కొట్టేసి, చెంబు రెండో మనిషికే, అతను మొదట పాడిన ధరకే ఇస్తానని. ఖాతా మాత్రం తన పేరునే ఉండాలని. చివర 'క్షమించండి' అని చేర్చమన్నాను.

"దిద్దకండి. మోసం సెయ్యలేదు, నియమం తెలీలేదు. అది రాసేను కదా."

చేర్చలేదు.

బావ ఫోను చేసిన ప్రతిసారీ కొట్టు పేరున ఖాతా సంగతి ఎత్తుతాడు. మా ఆవిడ, కొట్టులో అందరూ ఎలా ఉన్నారని అడుగుతుంది. చింతపండుతో తోమిన మరచెంబు టీవీ పక్కన ఉంది. బోణీ నాదేనంటూ వదిన అడిగినా ఇవ్వలేదు, అది పాట పాడిన ఆ తెలియని మనిషిదట. ఖాతా తెరిస్తే ఆమె పేరు, దాని కింద 'పరిశీలనలో ఉంది' అన్న ముక్క కనిపిస్తాయి. ఈ ఉదయం కూడా అదే ఉంది.