నడిచేకొద్దీ నిండిన ట్యాంకు

శుక్రవారం పొద్దున మా అంగట్లో సాంబ్రాణి వేస్తాం. ఆ పక్కనే ఎవరో ఒకరు సాల్డరింగు పట్టుకుని కూర్చుంటారు. రెండు పొగలూ కలిసి ముక్కుకు తగలగానే నాకు తుమ్ము వస్తుంది, తుమ్ము వెనకాలే మునిరత్నం అన్న వస్తాడు. మనిషి పోయి ఆరేళ్ళయింది గానీ రావడం మాత్రం మానలేదు. చిత్తూరులో బండ్ల కరెంటు పనికి ఆయన పెట్టింది పేరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, చెవి సందున ఎప్పుడూ ఒక టెస్టరు. చదివింది ఐదో తరగతి. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, రెండేళ్ళు టీవీలు బాగుచేసి, తొంభైల చివర్లో ఆయన దగ్గర పనికి చేరాను. ఆడపిల్ల బండి కింద దూరడమేమిటని మా నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అంగడికి వచ్చేవాళ్ళు కూడా తాళాలు నాకు ఇచ్చేవాళ్ళు కాదు, నన్ను దాటుకుని వెళ్ళి అన్నకిచ్చేవాళ్ళు. అన్న వాటిని తీసుకుని, వాళ్ళ కళ్ళముందే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. ఏ బండికి పెట్రోలు మీటరు మార్చినా ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. తర్వాత డబ్బాతో లీటరు లీటరుగా పోస్తూ, ముల్లు ఎలా లేస్తుందో చూడాలి. గంట సేపు పట్టే పని, ఒళ్ళంతా పెట్రోలు వాసన. నాకు ఒళ్ళు మండేది. "మీటరు వెలిగితే పనిచేస్తున్నట్టే కదన్నా" అంటే, "ఎలిగేది యేరేమ్మా, నిజం సెప్పేది యేరే. పోసి సూడు" అనేవాడు. చదువుకోని మనిషి చాదస్తం అని లోపల అనుకునేదాన్ని. డిప్లొమా పొగరు అప్పటికింకా దిగలేదు.

అలాంటి రోజుల్లో దొరస్వామి అనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని మద్రాసు నుంచి ఒక పాత అమెరికా కారు కొనుక్కొచ్చాడు. ఎర్ర కారు, రెండే సీట్లు, స్టీరింగు ఎడమ పక్క. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. దొరస్వామి భారీ మనిషి. దిగేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. ఆ కారులో ముల్లుల మీటర్లు లేవు, తాళం తిప్పితే అన్నీ పచ్చటి అంకెలే వెలగాలి. వెలగడం లేదు, బోర్డు చచ్చిపోయింది. దొరస్వామి మనుషులు మద్రాసు పాత సామాన్ల బజారంతా గాలించి, అదే కారుకు రెండేళ్ళ ముందు మోడల్లో వచ్చిన బోర్డు పట్టుకొచ్చారు. రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. సాకెట్లు కూడా అవే.

అన్న ఆ రోజు గూడూరులో ఏదో పెళ్ళికి పోతూ, "బోర్డు నువ్వే బిగించు సుగుణా, ట్యాంకు సంగతి మర్సిపోవద్దు" అని చెప్పి వెళ్ళాడు. బిగించాను. తాళం తిప్పగానే అంకెలన్నీ దీపావళిలా వెలిగాయి. వేగం సరిగ్గా ఉంది, ఇంజను వేడి సరిగ్గా ఉంది. ట్యాంకులో కర్ర పెట్టి చూస్తే సగం ఉంది, బోర్డు కూడా సగమే చూపించింది. ఇంక ఖాళీ చేయడమెందుకు? అంకెలు అబద్ధం చెబుతాయా? తాళాలిచ్చి పంపేశాను.

నాలుగో రోజు దొరస్వామి లడ్డూ డబ్బాతో వచ్చాడు. ఇద్దరు పట్టి బయటికి లాగారు.

"మునిరత్నం! మహిమప్పా, మహిమ! నిన్న తిరపతికి పొయ్యొచ్చినా. పొయ్యేటప్పుడు సగం ఉండాది పెట్రోలు. చంద్రగిరి దాటేసరికి ఇంకా పెరిగింది. ఇంటికొచ్చి సూస్తే ముక్కాలు పైనే! పొయ్యే కొద్దీ నిండతా ఉండాది!"

"నువ్వేమన్నా పోయించినావా అన్నా?" అన్నాడు మునిరత్నం అన్న.

"అదే గదా ఇడ్డూరం! మొన్న బంకులో ఐదు లీటర్లు పోయిస్తే తగ్గిపాయ. పోయించడం స్వామికి ఇష్టం లేదని అప్పుడే తెల్సింది నాకు." దొరస్వామి నా చేతిలో రెండు లడ్డూలు పెట్టాడు. "నీ చెయ్యి మంచిది పాపా."

లడ్డూ కొరకబోతూ ఆగాను, జరిగిందేమిటో అర్థమైంది. ట్యాంకులో ఒక బెండు పెట్రోలుతో పాటు లేస్తూ దిగుతూ, ఎంత ఉందో బోర్డుకు కబురు పంపుతుంది. ఆ కబురును పాత మోడలు బోర్డు తలకిందులుగా చదువుతోంది. నిండుగా ఉంటే ఖాళీ అంటుంది, ఖాళీ అయితే నిండు అంటుంది. సరిగ్గా సగం దగ్గర మాత్రం నిజం చెబుతుంది, నా ఖర్మకు ఆ రోజు సరిగ్గా సగమే ఉంది. దొరస్వామి వెళ్ళిపోయాక అన్న అడిగాడు.

"పోసి సూసినావా?"

"లేదన్నా."

"మరి ఆయప్పకి సెప్పలేదేం?"

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆడమనిషి చేతికి బండి ఇస్తే ఇంతే అని ఊరంతా అంటుంది, మా నాయన మాటే గెలుస్తుంది, నేను మళ్ళీ టీవీల ముందు కూర్చోవాలి.

"నువ్వే సెప్తావా, బండి సెప్పిందాకా కూసుంటావా?" అని ఆయన తన పనిలో పడ్డాడు.

నేను కూర్చున్నాను. మర్నాడు బండి చెప్పింది. దొరస్వామి తన మహిమను వియ్యంకుడికి చూపించాలని బయల్దేరాడు. పూతలపట్టు కూడలిలో, ట్యాంకు పూర్తిగా నిండిందని అంకెలు చూపిస్తుండగా, కారు ఆగిపోయింది. మామిడికాయల ట్రాక్టరు దాన్ని తాడు కట్టి మా అంగడి దాకా లాక్కొచ్చింది. దొరస్వామి కారులోనే ఉన్నాడు, బయటికి లాగే మనుషులు దారిలో దొరకలేదు. వియ్యంకుడు మామిడికాయల మీద తుండుగుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. వెనకాల సగం వీధి వచ్చింది.

"నిండా ఉండాది పెట్రోలు, అయినా ఆగిపాయ! ఇంజను పాయనా మునిరత్నం?"

పాపం, ఆయనకు అప్పుడు కూడా అనుమానం రాలేదు. ఇంజను మీదికి నెట్టేస్తే ఆ పూటకు గండం గడుస్తుంది. నేను అన్న వైపు చూశాను, ఏదో ఒకటి చెప్పి కాపాడతాడని. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, "బోర్డు బిగించింది సుగుణ. ఆ పాపనే అడుగు" అన్నాడు. నట్టేట వదిలేశాడనిపించింది. మనసులో తిట్టరాని తిట్లు తిట్టుకున్నాను. చివరికి మొత్తం చెప్పాను, పోసి చూడకపోవడంతో సహా.

దొరస్వామి మళ్ళీ ఆ పచ్చటి అంకెల వైపు తిరిగాడు.

"అంటే... స్వామి గాదా?"

"కాదన్నా. నేనే."

మామిడికాయల మీది నుంచి వియ్యంకుడు పగలబడి నవ్వాడు. అంతే, దొరస్వామి ముఖం కందగడ్డ అయింది. "ఈ పాప చెయ్యి ఇంక నా బండి మీద పడగూడదు!"

అన్న స్టూలు మీంచి లేచి నా పక్కన నిలబడ్డాడు. "అట్లయితే నీ బండి మా అంగట్లో నిలబడగూడదు. ఈడ బోర్డులు సూసేది ఆ పాపే."

ట్రాక్టరు కారును లాక్కుపోయింది. వారం తిరక్కుండా అదే ట్రాక్టరు మళ్ళీ తీసుకొచ్చింది, ఆ అంకెల జోలికి వెళ్ళే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. చచ్చిన బోర్డులో పెట్రోలు లెక్క చూసే ముక్క బాగానే ఉంది. దాన్ని విప్పి మద్రాసు నుంచి తెచ్చిన బోర్డుకు అతికించాను. ట్యాంకు ఖాళీ చేసి లీటరు లీటరుగా పోశాను. దొరస్వామి పక్కన కుర్చీ వేసుకుని గట్టిగా లెక్కపెట్టాడు. పోసేకొద్దీ అంకె పెరిగింది. "సరిగ్గానే ఉండాది" అని నిట్టూర్చాడు, "గానీ ముందరిదే బాగుండె."

ఆయన వెళ్ళాక ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. "ఆ తప్పు నీదేనని నువ్వు ఒక్క మాట అనుంటే పోయేది కదన్నా?"

"అనుంటే, ఈ పొద్దు బాగుజేసింది గూడా నేనే అనేవాళ్ళు గదమ్మా" అన్నాడు ఆయన, టెస్టరు చెవి సందున దోపుకుంటూ.

ఇప్పుడు తిరుపతిలో నా అంగట్లో నలుగురు పనిచేస్తున్నారు. వాళ్ళ తప్పులు నేను నెత్తిన వేసుకోను. వాళ్ళచేతే చెప్పించి, పక్కన నిలబడతాను. మొదట్లో అందరూ నన్ను రాతిగుండె మనిషని తిట్టుకుంటారు, ఆ సంగతి వాళ్ళ ముఖాల్లోనే తెలిసిపోతుంది. ఆ పూట నేనూ అన్నను అలాగే తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఎప్పుడో వెనక్కి తీసుకున్నానని ఆయన బతికుండగా ఒక్కసారి కూడా చెప్పలేదు. అందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు. ఆ తప్పు నాదే.