కెమిస్ట్రీ సారు వదిలిన కోటు

మదీనాగూడలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు స్కూలు నుంచి కెమిస్ట్రీ సారు ఏడాది మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులు స్కూలు చూడటానికి వస్తున్న రోజులవి. సారు వదిలేసిన తెల్లకోటును ప్రిన్సిపాల్ నా చేతిలో పెట్టాడు.

"మేడమ్, జర ఇది ఏస్కొని ల్యాబ్‌ల నిల్చోండ్రి. ఏం మాట్లాడకుండ్రి, నవ్వితే చాలు."

"మరి నా క్లాసు?"

"తెలుగే గద మేడమ్, పీఈటీ సారు చూస్కుంటడు."

చీర మీద కోటు తొడుక్కుని గాజు గొట్టాలు తుడుస్తూ నవ్వాను. కొత్త సారు దొరికేదాకా నా పిల్లలు తెలుగు పీరియడ్‌లో కబడ్డీ ఆడారు.

కెమిస్ట్రీ ఎవరు చెప్తారని వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు, అదీ తెలుగులో. తెలుగు ఎవరు చెప్తారని ఒక్కరూ అడగలేదు.