పాడనివాడికి లోడు లేదు

సాలూరు లారీ ఆఫీసులో హెడ్డు గుమస్తా అప్పలనరసింహం గారు మాట్లాడేవారు కారు, పాడేవారు. మంచినీళ్ళు కావాలన్నా పాటే, గుమ్మంలోకొచ్చిన మేకని తోలాలన్నా పాటే. పోనీ గొంతు బాగుంటుందా అంటే, ఆయన రాగం ఎత్తుకోగానే ఆ మేక తోలకుండానే పోయేది.

పుట్టింది మాత్రం విజయనగరంలో సంగీతం వాళ్ళింట. తాతగారూ, తండ్రిగారూ, ఆఖరికి మేనత్త కూడా వీణలో దిట్టలు. ఈయనకి ఏడో ఏట సరళీస్వరాలు మొదలెట్టి, ఎనిమిదో రోజున తండ్రిగారే దణ్ణం పెట్టి లెక్కల మాస్టారికి అప్పజెప్పేశారు. అలాంటి మనిషికి పందొమ్మిది వందల అరవై ఏడులో, దసరా వెళ్ళిన వారానికి, ఉన్నట్టుండి పాట పట్టుకుంది. ఆ మర్నాడే ఆఫీసులో చట్టం వచ్చింది: పాడనివాడికి లోడు లేదు.

ఈ చట్టం వల్ల అందరికంటే ఎక్కువ బాధపడినవాడు తూకాలు వేసే కాటా దాలయ్య. దాలయ్యంటే సామాన్యుడు కాడు. ఊరి బడిలో ఐదో తరగతి ఫస్టున పాసయ్యాడు. భజనలో ఇరవై రెండేళ్ళు తాళం వేసి ఒక్క దెబ్బ తప్పలేదు. బస్తాని ముట్టుకోకుండా కంటితో చూసి తూకం చెప్పగలడు. ఓసారి తాసిల్దారుగారిని చూసి ఆయన తూకమే చెప్పేశాడు. ఈ ఘనతలన్నీ పూటకోసారి చెప్పుకోకపోతే అతనికి అన్నం సహించదు.

"బాబూ, తమరు పాడతంటే కాటా ముల్లు ఊగతన్నాది. బస్తాకి అరకేజీ తేడా వస్తాది," అని మొరపెట్టుకున్నాడు.

"ముల్లుకి తెలిసెనే నా పాటా... నీకు తెలియదాయె దాలయ్యా..." అని పాడారాయన.

చింతపండు వ్యాపారం మరిడమ్మ పాతిక బస్తాలతో వచ్చింది. "జయపురం పంపించాలి బాబూ."

"పాడమ్మా..."

"నా పెళ్ళికే నాను పాడనేదు. నీ లారీకి పాడతానా?"

అరగంట మొండికేసి కూర్చుంది. చివరికి ఊడుపుల పాట వరసలో "పాతికా బస్తాలో బాబూ..." అని అందుకుంటే హమాలీలంతా వంత పలికారు. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా ఒక లోడుకి మూడు చరణాలు. ఆపమన్నా ఆపేది కాదు.

దీపం లేని లారీ సంగతి విచారించడానికి హెడ్డు కానిస్టేబులు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. మొదటి ప్రశ్న గద్దించి అడిగాడు. అప్పలనరసింహం గారు పాటలో జవాబు చెప్పారు. రెండో ప్రశ్న కానిస్టేబులు తనకే తెలియకుండా రాగంలో అడిగి, నాలిక్కరుచుకుని, పుస్తకం మూసేసి వెళ్ళిపోయాడు.

అందరిలోకీ నిజంగా పాడగలిగినవాడు గంగులు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ దసరాలకే బుకింగు గుమస్తాగా చేరాడు. వరస వచ్చిన లారీలని బయట నిలబడి పిలవడం అతని పని. "జయపురం లారీ రావాలీ..." అంటే టీ దుకాణంలో గుర్రుపెట్టే డ్రైవర్లు కూడా లేచి వచ్చేవారు. కాని పాట అయిందంటే ఇక నోరు విప్పడు. పలకరిస్తే నవ్వుతాడు, తలూపుతాడు.

"ఏటిరా, పిలిస్తే పలకవేటి? అంత గీరేటి నీకు?" అనేవాడు దాలయ్య. దానికీ ఒక నవ్వే. ఐదో తరగతి ఫస్టున పాసైనవాడికి ఆ నవ్వు మింగుడు పడలేదు.

మరుసటి ఏడు ఎండాకాలం శ్రీకాకుళం నించి ఆఫీసు యజమాని జగన్నాధం వచ్చాడు. కారు దిగకముందే హమాలీల వంత వినిపించింది.

"ఇదేటి, లారీ ఆఫీసా, భజన కొట్టా? రేపట్నుంచి పాట ఇనబడితే పాడినోడు ఇంటికే!"

"బాబుగారూ, పనికి అవసరం అండీ," అన్నారు అప్పలనరసింహం గారు. ఆయన మామూలుగా మాట్లాడగా దాలయ్య వినడం చాన్నాళ్ళకి అదే. గంగులు మొహం పాలిపోయింది. దాలయ్య మాత్రం పొంగిపోయి కాటా ముల్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఏడు లారీలు. యజమాని టీ గ్లాసు పట్టుకుని బయటే కుర్చీ వేసుకున్నాడు. గంగులు చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

"జ... జ..." మెడ నరాలు ఉబ్బాయి. మాట మాత్రం రాలేదు. డ్రైవర్లు గొల్లుమన్నారు.

"నత్తోణ్ణి తెచ్చి పిలుపుకి పెట్టినారేటి? లెక్క తేల్చి పంపించీండి," అన్నాడు యజమాని.

గంగులు చీటీ మడత పెడుతున్నాడు. కంటితో బస్తా తూకం చెప్పే దాలయ్యకి, పక్కనే ఉన్నా ఆర్నెల్లుగా కనబడనిది అప్పుడు కనబడింది.

ఇంతలో లోపల్నుంచి అప్పలనరసింహం గారు లేచారు. "జయపురం లారీ..." అని ఎత్తుకున్నారు. శ్రుతి లేదు, తాళం లేదు. అందుకుందామన్నా గంగులుకి అందడం లేదు. నేరం చేస్తే చేశారుగాని తాళం తప్పి చెయ్యడం దాలయ్య భరించలేకపోయాడు. ఐదు కేజీల రాయి తీసుకుని కాటా మీద ఠంగుమని తాళం వేశాడు.

ఆ తాళం మీద గంగులు గొంతు లేచింది. హమాలీలు వంత అందుకున్నారు. యజమాని టీ చల్లారేలోగా ఏడు లారీలూ వరసలోకి వచ్చేశాయి.

"పాడినోడెవడు?"

"నేనండీ," అన్నారు అప్పలనరసింహం గారు.

"తాళం నాది బాబూ. ఇరవై రెండేళ్ళ తాళం. ముందు నన్ను పంపించీండి."

"నా మూడు చరణాలూ నెక్కలో రాసుకో," అంది లోడు కోసం బస్తాల మీద కూర్చున్న మరిడమ్మ.

యజమాని అందరి వంకా చూశాడు. అందర్నీ పంపేస్తే బస్తాలు తనే మొయ్యాలి. "పాడుకోండి. పిలుపు గంగులుదే. ఈ హెడ్డు గుమస్తాని మాత్రం నానున్నప్పుడు పాడనీకండి!"

సాయంత్రం దాలయ్య అప్పలనరసింహం గారింటికి వెళ్ళాడు. వాకిట్లో ఆయన భార్య జ్ఞానాంబ గారు కనబడ్డారు.

"బాబు ఇంటికాడ కూడా పాడతారేటమ్మా?"

"పాటా! రేడియో పెడితే చెవుల్లో దూది పెట్టుకుంటారు నాయనా. పిల్లలకి నేను జోల పాడినా తలనొప్పే ఆయనకి."

లోపల్నుంచి వస్తూ ఆ మాట విన్న అప్పలనరసింహం గారు సిగ్గుపడ్డారు. "చేరిన రోజున గంగులుకి తన పేరు చెప్పడానికే చెమటలు పట్టాయి దాలయ్యా. అదే మనిషి సైకిలు తుడుస్తూ గడగడా పాడేశాడు. వాడొక్కడే పాడితే నలుగురూ నవ్వుతారు. అందరం పాడితే అది ఆఫీసు పద్ధతి."

మర్నాడు దాలయ్య కాటా దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబూ, ఇంక తమరు కట్టపడకండి. పాటల సంగతి మేం సూసుకుంటాం."

అప్పలనరసింహం గారు హమ్మయ్య అనబోయి నోరు తెరిచారు. అలవాటున అదీ రాగంలోనే వచ్చింది. కాటా ముల్లు ఊగింది. దాలయ్య దాన్ని ఒక వేలితో ఆపి, రెండో చేత్తో తాళం అందుకున్నాడు.